వాల్వు యాంప్లిఫయరునకు తగిన స్పీకరు పెట్టె



గత సంవత్సరము క్రిస్మసు కార్యక్రమమునకు మూడు దినములు ముందు మన పాఠశాలలోని చిన్న గిటారు యాంప్లిఫయరు చెడిపోయిన సంగతి మీరెల్లరు నెరుగుదురు. అది యేల చెడెనో, ఎవరి పొరపాటున చెడెనో మీలో కొందఱకు మాత్రమే తెలియును. ఆ వృత్తాంతమును చివర చెప్పెదను. ముందుగా కారణమును గ్రహింపవలయును. ఏలయనగా కారణము తెలియనివాడు నిందను తప్పు చోట మోపును.

మన యంత్రము పాత రీతిది. దీనియందు శబ్దమునకు బలము నిచ్చునది ట్రాన్సిస్టరు గాదు, గాజు వాల్వు. 1935 మొదలుకొని నిజాము ప్రభుత్వమువారి దక్కను రేడియోను నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో రేడియో గల కొద్దిమంది వినినది ఇట్టి వాల్వు సెట్లతోనే. 1950లో ఆ కేంద్రము ఆకాశవాణిలో చేరెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961 నుండి వాల్వులను మన దేశమందే తయారుచేసిరి. పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి రేడియోలలోనుండి వాల్వును తొలగించెను. కాని గిటారు వాయించువారు దాని ధ్వనిని మెచ్చి నేటికిని విడువలేదు. ఫెండరు కంపెనీవారి చాంప్ అను ప్రసిద్ధమైన చిన్న యాంప్లిఫయరులో శబ్దమును వెడలించునది 6వి6 అను ఒకే వాల్వు. మన యంత్రములోనిదియు అదియే.

వాల్వునకును స్పీకరునకును జోడు కుదురుట యనగా నేమి? మీ తాతలు మోటబావి నెరుగుదురు. ఎద్దులు దారి వెంబడి క్రిందికి నడచుచు తోలు బొక్కెనను పైకి లాగును. బొక్కెన మితిమీరి పెద్దదైనచో ఎద్దులు కదలలేక ఆగిపోవును. వాని బలమంతయు ఆయాసమునకే సరిపోవును. బొక్కెన మిక్కిలి చిన్నదైనచో ఎద్దులు వడిగా నడచును గాని మడిలోనికి వచ్చు నీరు స్వల్పము. ఎద్దుల సత్తువకు తగిన బొక్కెన యుండినపుడే పొలము తడియును. వాల్వు ఎద్దులవంటిది, స్పీకరు బొక్కెనవంటిది. మారుచుండు విద్యుత్ప్రవాహమునకు స్పీకరు చూపు అడ్డంకికి ఇంపీడెన్సు అని పేరు. దానిని ఓములలో కొలుతురు. స్పీకరు వెనుక 4 అనియు, 8 అనియు, 16 అనియు వ్రాసియుండునది ఇదియే.

ఇచట నొక చిక్కు గలదు. 6వి6 వాల్వు 250 వోల్టులతో పనిచేయునపుడు తన యెదుట సుమారు 5,000 ఓముల భారము నుండగోరును. స్పీకరు చూపునది 8 ఓములు మాత్రమే. ఈ యంతరమును తీర్చునది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. మన ప్రాంతపు రాళ్లు కొట్టువారు గునపముతో బండను పెకలించుట మీరు చూచియుందురు. పొడవైన కొనను మనుష్యుడు తక్కువ బలముతో ఎక్కువ దూరము త్రోయును. పొట్టి కొన కొద్ది దూరమే కదలును గాని గొప్ప బలముతో బండను లేపును. ట్రాన్స్‌ఫార్మరు పనియు నట్టిదే. వాల్వు వైపున 25 చుట్లకు స్పీకరు వైపున 1 చుట్టు చొప్పున తీగ చుట్టబడినదనుకొనుడు. వాల్వు 150 వోల్టులను, 0.03 ఆంపియరును ఇచ్చినచో, స్పీకరునకు 25వ వంతు వోల్టులు, అనగా 6, చేరును. ప్రవాహము 25 రెట్లై 0.75 ఆంపియరగును. రెండు వైపుల హెచ్చించి చూడుడు: వచ్చునది 4½ వాట్లే. బలము పెరుగలేదు, రూపము మాత్రమే మారినది.

ఇపుడు 6ను 0.75చే భాగింపుడు, 8 ఓములు. 150ని 0.03చే భాగింపుడు, 5,000 ఓములు. చుట్లు 25 రెట్లే యైనను ఓములు 25ను 25చే హెచ్చించిన 625 రెట్లైనవి. కావున ఈ ట్రాన్స్‌ఫార్మరునకు 4 ఓముల పెట్టెను తగిలించినచో వాల్వునకు 2,500 ఓములే కనబడును. 16 ఓముల పెట్టెను తగిలించినచో 10,000 కనబడును. రెండు విధములను బలము తగ్గును, ధ్వని మారును. ఒక మెట్టు తేడాను అనేక యంత్రములు కొంతకాలము సహించును. కాని సహించుట వేఱు, తగియుండుట వేఱు.

పెట్టెలో ఒకటికంటె ఎక్కువ స్పీకర్లున్నచో లెక్క చేయవలయును. 8 ఓముల స్పీకర్లు రెంటిని ఒకదాని వెంట నొకటిగా వరుసలో కలిపిన 16 ఓములగును. పక్కపక్కగా, కూడిక కొనతో కూడిక కొనను, తీసివేత కొనతో తీసివేత కొనను కలిపిన 4 ఓములగును. నాలుగింటిని రెండు జతలుగా వరుసలో కలిపి, ఆ జతలను పక్కపక్కగా కలిపినచో మరల 8 ఓములే వచ్చును. యాంప్లిఫయరు వెనుక రెండవ పెట్టెకై రంధ్రమున్నచో, అది సాధారణముగా మొదటి పెట్టెకు పక్కగా కలియునదని గుర్తుంచుకొనుడు. మీటరుతో కొలిచినపుడు 8 ఓముల స్పీకరు సుమారు 6 చూపినచో భయపడకుడు. మీటరు తీగ యొక్క నిరోధమును మాత్రమే చూపును. ఇంపీడెన్సు స్వరముతోగూడ మారుచుండును, 8 అనునది దానికి పెట్టిన వాడుక లెక్క.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. వాల్వు యంత్రమును స్పీకరు లేకుండ వాయింపరాదు. మోట లాగుచుండగా తాడు తెగినచో ఎద్దులు ముందునకు కూలును. వాని బలము పోవుటకు చోటు లేదు. అట్లే స్పీకరు తీగ ఊడినపుడు ట్రాన్స్‌ఫార్మరులోని శక్తికి దారి లేక, వాల్వు వైపున వోల్టులు వందలు దాటి పైకెగయును. తీగలనడుమ నున్న పూత చిల్లిపడును. ట్రాన్సిస్టరు యంత్రములు దీనికి విరుద్ధము: సాధారణముగా వానికి స్పీకరు లేకున్నను హాని లేదు, ఓములు మిక్కిలి తగ్గినను, తీగలు రెండును తాకినను హాని. ఒకదాని యలవాటును రెండవదానికి పట్టించుటయే ప్రమాదము.

నేను చేసినది సరిగా నిదియే. ఆనాటి సాయంకాలము సాధన జరుగుచుండగా, హాలు పెద్దది గనుక మఱియొక పెట్టెను తగిలింపవలసివచ్చెను. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, "సారూ, ముందుగా స్విచ్చి ఆపుదునా?" అని యడిగెను. నేను ట్రాన్సిస్టరు యంత్రముల యలవాటుతో, అవసరము లేదు, తీగ లాగుమంటిని. గిటారు వాయించు బాలుడు ఊరకుండక తీగలను మీటుచునే యుండెను. ఒక నిమిషమైనను గడువలేదు, కాలిన వాసన వచ్చెను. హైదరాబాదులో బాగుచేయువాడు విప్పి చూచి, ట్రాన్స్‌ఫార్మరు మారవలెననెను.

తీగ లాగినవాడు చెడగొట్టెనని అందఱును అనుకొనిరి. ఆ బాలుని తండ్రి వలస కూలి. ఏటికి ఎనిమిది నెలలు బొంబాయి, పుణే పట్టణముల పనులలో నుండును. తండ్రి పండుగకు వచ్చినపుడు కొంత సొమ్ము ఇప్పింతునని బాలుడు నా యొద్దకు వచ్చి చెప్పెను. నేను రెండు దినములు ఊరకుంటిని. ఆ రెండు దినములను తలచుకొనిన నేటికిని సిగ్గగును. మూడవనాడు ప్రార్థనా సమావేశమున అందఱి యెదుట నిజము చెప్పి, ట్రాన్స్‌ఫార్మరు వెలను నా జీతములోనుండి ఇచ్చితిని. వినని తల్లిదండ్రులు చదువుదురని ఇచటను వ్రాయుచున్నాను.

కాబట్టి గుర్తుంచుకొనుడు: పెట్టె మీది ఓములను, యంత్రము మీది ఓములను చదివి జతపరుపుడు. స్విచ్చి ఆపక పెట్టెను మార్పకుడు. గిటారు తీగను స్పీకరు తీగకు బదులుగా వాడకుడు. అది సన్నని సంకేతమునకే గాని ఇంత ప్రవాహమునకు తగినది గాదు. పెట్టె 4½ వాట్లకంటె ఎక్కువ భరింపగలదో లేదో చూడుడు.

ఇపుడు మన రెండు పెట్టెల వెనుకను తెల్లని రంగుతో ఓముల సంఖ్య వ్రాయబడియున్నది. వ్రాసినది ఆ విద్యార్థియే. ఈ సంవత్సరము కార్యక్రమమునకు తీగలు తగిలించు బాధ్యతయు అతనిదే. స్విచ్చి ఆపుమని అతడు చెప్పినచో నేనైనను ఆపుదును.