రొయ్యల తొట్టిలో తేలే మొక్క

చెర్రీ రొయ్యలు పెంచేవాళ్లు తేలే మొక్కలను ఇష్టపడటానికి మంచి కారణమే ఉంది. అంతరతామర వేళ్లు నీళ్లలోకి గుత్తులుగా వేలాడతాయి. వాటి మీద సూక్ష్మజీవులతో పలచటి జిగురు పొర కడుతుంది. రెండు మిల్లీమీటర్ల రొయ్య పిల్లలకు ఆ వేళ్లే దాపు, ఆ పొరే తిండి. పైగా ఈ మొక్కల ఆకులు గాలిలోనే ఉంటాయి కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌కు కొరత ఉండదు. త్వరగా పెరుగుతాయి, ఆ పెరుగుదలకు కావలసిన నత్రజనిని నీళ్లలోని అమ్మోనియా, నైట్రేట్ల నుంచి లాక్కుంటాయి. చిన్న తొట్టికి ఇంతకంటే మేలు చేసే మొక్క అరుదు.

ప్రమాదమల్లా ఆ మొక్కతో పాటు వచ్చేవాటితోనే. అందులో మొదటిది పురుగుమందు. పురుగుల్లాగే రొయ్య కూడా సంధిపాద జీవి. వరి, పత్తి, మిరప చేలల్లో పురుగుల మీద కొట్టే మందుకు పురుగుకూ రొయ్యకూ తేడా తెలియదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు చేపలను పెద్దగా బాధించని మోతాదులోనే ఇలాంటి జీవులను చంపగలవు. అందుకే చేపల తొట్టిలో నిక్షేపంగా పెరిగిన మొక్క రొయ్యలకూ క్షేమమేనని అనుకోకూడదు. పంట కాలువలో ఊరికే దొరికే అంతరతామరను నేనైతే ముట్టుకోను. పశువుల కోసం పెంచే అజొల్లా గుంటల్లో పేడ, సూపర్ ఫాస్ఫేట్ కలుపుతారు కాబట్టి దాన్నీ నేరుగా తొట్టిలో వేయకూడదు. మరో రొయ్యల తొట్టి నుంచి తెచ్చుకున్న మొక్క అన్నిటికంటే నయం. అయినా దానితో ప్లనేరియా, హైడ్రా లాంటి చిన్న వేటజీవులు వచ్చే వీలుంది.

చాలామంది మొక్కను లేత గులాబీ రంగు పెర్మాంగనేట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, కడిగి, పని అయిపోయిందనుకుంటారు. ముంచితే తప్పు లేదు, ఆకు పైన అంటుకున్నవి కొన్ని పోతాయి. కానీ ఇమిడాక్లోప్రిడ్ మొక్క కణజాలంలోకి ఇంకే మందు. సూదితూనీగలు కూడా గుడ్లను కాడల లోపలే పెడతాయి. లోపల ఉన్నదాన్ని పైపై కడుగుడు ఏం చేస్తుంది? తర్వాత ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగులు రొయ్య పిల్లలను వెతికి తింటాయి. ఇక్కడ ముంచే మందు కంటే, మొక్కను కొన్నాళ్లు విడిగా ఉంచి ఆగడమే ఎక్కువ పని చేస్తుంది.

వెడల్పాటి తెల్ల టబ్బు తీసుకోండి. తెలుపు మీద పాకేది ఏదైనా కంటపడుతుంది. క్లోరిన్ పోయేలా ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు పోసి, మొక్కలను ఒత్తుగా కాకుండా వదలండి. వెలుతురు బాగా ఉండాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకూడదు. మొదటి వారం రోజు విడిచి రోజు నీళ్లన్నీ పారబోసి మార్చండి. ఆ తర్వాత వారానికి రెండుసార్లు చాలు, అంతకు తగ్గించవద్దు. మన దగ్గర నిలవ నీళ్లంటే డెంగీ దోమకు పిలుపే. దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదుగుతుంది కాబట్టి టబ్బు మీద వల కూడా కప్పండి. ఇలా మూడు వారాలు.

ఈలోగా మొక్క పిలకలు వేస్తుంది. అసలు రహస్యం అక్కడుంది. తొట్టిలోకి వెళ్లాల్సింది మీ టబ్బులో, మీ నీళ్లలో పుట్టిన పిలకలు మాత్రమే. కొని తెచ్చిన తల్లి మొక్కను, దాని పాత ఆకులను తీసేయండి. మందు అవశేషాలు, గుడ్లు ఎక్కువగా ఉండేది వాటిలోనే. మినుము గింజ కంటే చిన్న ఆకులేవైనా వేళ్లలో చిక్కుకుని ఉంటే అది డక్‌వీడ్. ఒక్క ఆకు లోపలికి పోయినా తర్వాత ఏరలేరు, ఇప్పుడే తీసేయండి.

పిలకలను గుప్పెడు మాత్రమే వేసి రెండు రోజులు రొయ్యలను గమనించండి. అవి పిచ్చిగా ఈదుతున్నా, వెల్లకిలా పడి కొట్టుకుంటున్నా మొక్కను వెంటనే తీసి, అదే వేడి, అదే గుణం ఉన్న నీళ్లతో తొట్టి నీళ్లలో కొంత భాగం మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

మొక్క కుదురుకున్నాక చూసుకోవాల్సింది విస్తీర్ణం. నీటి పైభాగంలో సగానికి మించి కప్పనివ్వకండి. రాత్రి మొక్కలూ ఆక్సిజన్ వాడుకుంటాయి, మూసుకుపోయిన ఉపరితలం గాలిని లోపలికి రానివ్వదు. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. విజయవాడ వేసవిలో ఈ తేడా రొయ్యల ప్రాణానికి సంబంధించినది. గాలి పైపు ముక్కను రింగులా కలిపి నీటిపై తేలిస్తే దాని లోపలి భాగం ఖాళీగా ఉంటుంది. స్పాంజి ఫిల్టర్ రాత్రంతా నడవాలి. ఆకుల పైభాగం ఎప్పుడూ తడిసి ఉంటే కుళ్లుతుంది కాబట్టి మూత కొంచెం తెరిచి ఉంచండి, పసుపుబారిన ఆకును అప్పటికప్పుడు తీసేయండి.

వారం వారం తీసిన మొక్కలను మురుగుకాలువలోనో, చెరువులోనో వేయవద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క కొల్లేరులో, డెల్టా కాలువల్లో ఎలా పరుచుకుందో మనకు తెలుసు. డాబా మీద ఎండకు పూర్తిగా ఎండబెట్టి పూలకుండీ మట్టిలో కలపండి.