ఎడారి ఆవ మొక్క - ఎండు నమూనా చెప్పు సాక్ష్యము

పొలములో కలుపు కానవచ్చినప్పుడు పెరికి గట్టుపై వేయుట మన రైతుల యలవాటు. కాని యది మునుపెన్నడును చూడని మొక్క యైనచో, పెరికినవానిలో నొకదాని నెండబెట్టి దాచుటవలన కలుగు మేలెట్టిదో యెడారి ఆవ చరిత్రము మనకు తెలుపుచున్నది.

దీనిని శాస్త్రజ్ఞులు బ్రాసికా టూర్నెఫోర్టీ యందురు. మనము పోపునకు వాడు ఆవకు ఇది దాయాది. ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా యెడారులును, మధ్యధరా సముద్ర తీరములును దీని పుట్టినిల్లు. ఆకులు బిరుసు నూగు గలిగి నేల నంటి చక్రమువలె పరచుకొనును. పూవులు చిన్నవి, లేత పసుపు వన్నెవి, రేకులు నాలుగు. మన దేశమున వాయవ్యపు మెట్ట భూములలో దీనిని నూనెగింజగా గూడ కొలదిగా సాగుచేసియున్నారు.

అమెరికాలో మాత్రమిది రైతునకును అడవికిని శత్రువైనది. కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయలో 1927వ సంవత్సరమున దీని నమూనా సేకరింపబడినది. పశ్చిమాసియానుండి తెచ్చిన ఖర్జూరపు మొక్కలతో దీని విత్తులు వచ్చియుండునని పలువురు తలంచుచున్నారు. పిదప నది అరిజోనా, నెవాడా యెడారులవరకు వ్యాపించెను.

ఇంతటి వ్యాప్తికి కారణములు గలవు. ఇతర మొక్కలకంటె ముందుగా మొలచి, నేలలోని కొద్దిపాటి పదునును పీల్చుకొనును. తన పుప్పొడితో తానే కాయలు పట్టును. ఒక్క మొక్కయే వేలకొలది గింజల నిచ్చును. తడిసిన గింజ సబ్జా గింజవలె జిగురుదేలి, పశువుల వెండ్రుకలకును బండ్ల చక్రములకును అంటుకొని పోవును. ఎండిన మొక్క గాలికి దొర్లుచు గింజలు రాల్చును. నిప్పంటుకొన్నచో మంటను వ్యాపింపజేయును.

అది యా సీమలో 1927 నాటికే యున్నదని నేడు మనకెట్లు తెలిసెను? ఆనాడు సేకరించి యెండబెట్టిన మొక్క వలననే. అట్టి యెండు మొక్కలను కాగితపు అట్టలకు అంటించి, చోటు, తేదీ, సేకర్త పేరు వ్రాసి భద్రపరచు నిలయమునకు హెర్బేరియమని పేరు. మన దేశమున హౌరాలోని శిబ్పూరునందును, కోయంబత్తూరునందును అట్టివి గలవు. జాగ్రత్తగా నుంచినచో నమూనాలు శతాబ్దములు నిలుచును. నోటిమాట మారవచ్చును, తేదీ గల నమూనా మారదు.

ఇది పరదేశపు కథ యని తలపరాదు. 1950వ దశకమున పూనా ప్రాంతమున గుర్తింపబడిన వయ్యారిభామ నేడు మన గట్లపై నెట్లున్నదో యెల్లరెరుగుదురు.

కావున సభ్యులకు మా విన్నపము: క్రొత్త మొక్క కనబడినచో వేరు, ఆకు, పూవు, కాయలతో సహా పెరికి, పాత వార్తాపత్రికల మడతలలో పరచి, పైన బరువుంచి, ప్రతిదినము కాగితములు మార్చుచు నెండబెట్టుడు. ఊరు, తేదీ, నేల స్వభావము, చేనిలోని పైరు చీటీపై వ్రాసి, వ్యవసాయాధికారికి చూపుడు. మిగిలినవానిని కాయ ముదురకమునుపే నిర్మూలింపుడు. సంఘము కొను విత్తనములలో పిడికెడు తీసి తెల్లగుడ్డపై పోసి, పరగింజలున్నవేమో చూచిన పిదపనే పంచుకొనుట మంచిది. ఒక గింజ నేడు కంటబడిన, రేపు వేయి మొక్కలు పెరుకు శ్రమ తప్పును.