బీరు పన్ను మీద లేచిన మేడ

ఆబ్కారీ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా, అక్కడి గొప్పింటివాళ్లకు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ముందు ఆరా తీస్తాను. మా అమ్మాయి బెల్జియంలోని గెంట్‌లో ఉద్యోగం చేస్తోంది. దాని దగ్గరికి వెళ్లినప్పుడు బ్రూజ్ పట్టణం చూపించింది. అందరూ కాలువల్లో పడవలెక్కుతుంటే నేను గ్రూట్‌హూసె వారి మేడ దగ్గర ఆగిపోయాను. ఇప్పుడది మ్యూజియం. "రాజుగారి కోటా?" అనడిగాను. "కాదు నాన్నా, బీరు పన్ను వసూలు చేసుకున్నవాళ్ల ఇల్లు" అంది. ఇక నన్ను అక్కణ్ణుంచి కదిలించడం దాని తరం కాలేదు.

హాప్స్ అనే చేదు పూల వాడకం పెరగకముందు ఆ దేశంలో బీరుకు రుచీ వాసనా తెచ్చింది గ్రూట్ అనే మూలికల మిశ్రమం. చిత్తడి నేలల్లో పెరిగే ఒక పొద ఆకు అందులో ముఖ్యం. బీరు కాచేవాడు దాన్ని తనంతట తాను కలుపుకోవడానికి లేదు, హక్కుదారు దగ్గరే కొనాలి. ఆ హక్కు బ్రూజ్, గెంట్ ఉన్న ఫ్లాండర్స్ సీమను ఏలిన కౌంట్‌ది. బ్రూజ్‌లో ఆ రాబడి ఈ కుటుంబం చేతికొచ్చింది, ఇంటిపేరూ దాన్నిబట్టే వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మన దగ్గర సారా వేలంపాటలు జరిగేవి. పాట దక్కించుకున్న కాంట్రాక్టరు ముందు ఊళ్లో పెద్దమనుషులు కూడా చేతులు కట్టుకునేవారు. వీళ్లదీ అదే తీరు, కాకపోతే పాట గడువు తరతరాలు. తర్వాత హాప్స్ వచ్చి గ్రూట్ అవసరం తీరిపోయింది. వసూలు మాత్రం ఆగలేదు, బీరు మీదే పన్నుగా సాగింది. మా శాఖవాళ్లెవరికీ ఇందులో వింత కనిపించదు.

ఈ మేడ ఊరి మధ్యలో ఉండటానికీ కారణముంది. ఫ్రాన్స్‌లోనో ఇంగ్లండ్‌లోనో ప్రభువు అంటే ఎక్కువగా పొలాల మధ్య కోటలో ఉండేవాడు. ఫ్లాండర్స్‌లో అలా కుదరలేదు. గెంట్, బ్రూజ్, ఈపర్ పట్టణాలు ఇంగ్లండ్ నుంచి ఉన్ని తెప్పించి బట్ట నేసి లోకమంతా అమ్మాయి. డబ్బు అక్కడ ఉంది, దానితోపాటు ఆయుధాలు పట్టిన వృత్తి సంఘాలూ ఉన్నాయి. 1302 జులై 11న కోర్ట్‌రైక్ దగ్గర నేతగాళ్లు, కసాయివాళ్లు, రైతులు కాలినడకన నిలబడి ఫ్రెంచి అశ్వదళాన్ని మట్టి కరిపించారు. చచ్చిన రౌతుల బంగారు పూత మడమ ముళ్లను తెచ్చి చర్చిలో వేలాడదీశారు. ఫ్లాండర్స్ (ఫ్లెమిష్) ప్రభువుల్లో కొందరు ఆనాడు ఫ్రాన్సు పక్షాన ఉన్నారు, కొందరు నేతగాళ్లతో కలిసి నేల మీద నిలబడ్డారు. యుద్ధానికి ముందు పీటర్ డె కోనింక్ అనే నేతగాణ్ణి నైట్‌గా చేశారు కూడా. పట్టణాల బలం మరిచిపోయిన ప్రభువుకు ఫ్లాండర్స్‌లో నూకలు చెల్లినట్టే.

మేడకు ఇప్పుడున్న పేరు తెచ్చింది ఈ కుటుంబంలోని 15వ శతాబ్దపు లూయీ. అప్పటికి ఫ్లాండర్స్ బర్గండీ డ్యూకుల చేతిలోకి వెళ్లింది. లూయీ వాళ్లకు సేనాని, రాయబారి, హాలండ్‌లో గవర్నరు. 1430లో బ్రూజ్‌లోనే పుట్టిన 'బంగారు ఉన్ని' అనే రాచ కూటమిలో 1461లో సభ్యుడయ్యాడు. 1470లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ సింహాసనం పోగొట్టుకుని ఓడెక్కి హాలండ్ తీరానికి పారిపోయి వచ్చాడు. ఓడ కిరాయికి డబ్బుల్లేక ఒంటిమీది బొచ్చు అంగీ ఇచ్చాడట. డ్యూకు భార్య ఎడ్వర్డ్ చెల్లెలే. అయినా ఓడిపోయిన బావమరిదిని బాహాటంగా చేరదీయడానికి డ్యూకు వెనకాడాడు. లూయీ వెనకాడలేదు. అన్నం పెట్టాడు, బట్టలిచ్చాడు, ఈ మేడలో ఉంచాడు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ తిరిగి వెళ్లి రాజ్యం గెలుచుకున్నాడు. 1472లో లూయీని పిలిపించి వించెస్టర్ ఎర్ల్‌ని చేశాడు. అది మంచితనమా, లెక్క తెలిసిన పనా? నా ఉద్యోగ అనుభవం రెండోదే అంటుంది గానీ, ఓడినవాడికి ఇంట్లో చోటివ్వడానికి లెక్క ఒక్కటే చాలదు.

1472లోనే లూయీ మేడ నుంచి పక్కనున్న మేరీమాత చర్చిలోకి ఒక చిన్న ప్రార్థన గది కట్టించాడు. పైఅంతస్తులో, చెక్క పలకలతో, చర్చి గర్భాలయంలోకి తెరుచుకునే కిటికీతో ఉంటుంది. ఊరి జనంతో భుజం రాసుకోకుండా, వీధిలో కాలు పెట్టకుండా పూజ చూడొచ్చు. ఆ కిటికీ దగ్గర నిలబడితే కింద డ్యూకుగారి కూతురు మేరీ సమాధి కనిపిస్తుంది.

లూయీకి పుస్తకాల పిచ్చి. బొమ్మలు వేయించి, చేత రాయించిన గ్రంథాలు పోగేశాడు. ఆ చుట్టుపట్ల డ్యూకుల తర్వాత అంత పెద్ద గ్రంథాలయం ఆయనదే. జనం తాగిన బీరు మీది పన్నులో కొంత బ్రూజ్ లేఖకులకు, చిత్రకారులకు కూడుగుడ్డలైంది. సారా కాంట్రాక్టర్లు గుళ్లు కట్టించడం చూశాను, గ్రంథాలయం కట్టించినవాణ్ణి చూడలేదు.

తండ్రి తర్వాత ఏలిన మేరీ 1482లో గుర్రం మీంచి పడి చనిపోయింది. పసివాడైన ఆమె కొడుకు పేరిట ఎవరు పాలించాలన్న తగువులో భర్త మాక్సిమిలియన్ ఒకవైపు, ఫ్లెమిష్ పట్టణాలు ఇంకోవైపు. లూయీ పట్టణాలవైపు మొగ్గాడు, మాక్సిమిలియన్ ఆయన్ని ఖైదులో పెట్టించాడు. 1488లో బ్రూజ్ జనం మాక్సిమిలియన్‌నే పట్టుకుని నెలల తరబడి నిర్బంధించారు. 1492లో లూయీ పోయాడు. కొడుకు ఫ్రాన్సు పక్షం చేరాడు. పుస్తకాలూ ఫ్రాన్సు రాజుకే వెళ్లాయి. చాలావాటిలో గ్రూట్‌హూసె చిహ్నం మీద ఫ్రాన్సు రాజచిహ్నం పూసేశారు, ఇప్పుడవి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మేడ ఆ తర్వాత తాకట్టు దుకాణంగా కూడా నడిచింది.

దొరకు, ఊరికి మధ్య నిలబడ్డవాళ్ల బతుకు తర్వాతా అంతే. ఫ్లాండర్స్ స్పెయిన్ రాజు కిందికి వెళ్లాక అక్కడి గవర్నరు ఎగ్మాంట్ ఆ రాజు కోసం ఫ్రాన్స్ మీద యుద్ధాలు గెలిచాడు. ఆ రాజు మత కాఠిన్యాన్ని తప్పుపట్టినందుకు 1568 జూన్ 5న బ్రస్సెల్స్ నడిబొడ్డున ఆయన తల నరికించారు.

1795లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని కలిపేసుకోవడంతో జమీందారీ హక్కులన్నీ పోయాయి. మా అమ్మాయి రోజూ దాటివెళ్లే గెంట్‌లోని ఫ్లాండర్స్ కౌంట్ల కోటను 1180లో కట్టారు, 19వ శతాబ్దంలో అందులో నూలు మిల్లు నడిచింది. ప్రభువులు మాత్రం ఊళ్లలో మిగిలారు. చాలాకాలం భూములు వాళ్లవే, చాలా పల్లెల్లో మేయరు పదవీ వాళ్లదే. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి, కౌలుదార్లతో ఫ్లెమిష్. ఈ భాషాభేదం మీద ఫ్లెమిష్ భాషా ఉద్యమానికి పుట్టిన కోపం తేలిగ్గా చల్లారలేదు.

బెల్జియం 1831 రాజ్యాంగం ఒక తెలివైన పని చేసింది. రాజు బిరుదులు ఇవ్వొచ్చు, కానీ వాటికి ఏ ప్రత్యేక హక్కూ ఉండకూడదంది. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. సైకిల్ పందేల ఎడీ మెర్క్స్ కిరాణా కొట్టు నడిపినవాళ్ల కొడుకు, 1996లో బారన్ అయ్యాడు. వ్యోమగామి డిర్క్ ఫ్రిమూట్ వైకౌంట్. పన్ను మినహాయింపు లేదు, పన్ను వసూలు హక్కు అసలే లేదు. పైగా బిరుదు పత్రం రిజిస్టరు చేయించుకోవడానికి వాళ్లే రుసుము కట్టాలి.