ఇనుముకూ పొటాష్ కావాలి

కుప్పం చుట్టుపక్కల టమోటా వేసినా, పట్టుపురుగులకు మల్బరీ పెంచినా యూరియా బస్తా లేనిదే పని జరగదు. కాయ గట్టిపడాలని పొటాష్ వేరేగా వేస్తారు. యూరియా తయారయ్యే చోట కూడా కాస్త పొటాష్ పడాల్సిందేనన్న సంగతి మాత్రం మా రైతులకు ఎవరూ చెప్పలేదు. రైతు ఇంట్లో పుట్టి, ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుంటున్నవాణ్ణి. పాఠంలో ఒక్క వాక్యంలో దాటిపోయే ఈ విషయం నాకు చాలా ఇష్టం.

యూరియాకు మూలం అమ్మోనియా. నైట్రోజన్, హైడ్రోజన్ కలిస్తే అది తయారవుతుంది. నైట్రోజన్ గాలిలో ఐదింట నాలుగు పాళ్లు ఉంది. కానీ దాని జంట పరమాణువుల మధ్య మూడు బంధాలు. విడదీయడం మహా కష్టం. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియం అనే లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడి ఆ పని చేసి చూపించాడు. ఆస్మియం చాలా అరుదు, దాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ పెట్టలేరు. బీఏఎస్‌ఎఫ్ కంపెనీలో ఆల్విన్ మిటాష్ చవకైన ఇనుము పట్టుకున్నాడు. శుద్ధమైన ఇనుము సరిగా పనిచేయలేదు. ఆ ఏడాది ఆఖర్లో స్వీడన్‌లోని గాలివారే గనుల ఇనుపరాయి పెట్టి చూస్తే అమ్మోనియా బాగా వచ్చింది!

మరొకరైతే అదే రాయిని టన్నులకొద్దీ తెప్పించుకుని ఊరుకునేవారేమో. మిటాష్ ఆ రాయిలో ఇనుము కాక ఇంకేముందని అడిగాడు. శుద్ధమైన ఇనుములో ఒక్కో పదార్థం కొంచెం కొంచెం కలుపుతూ వేల మిశ్రమాలు పరీక్షించారు. చివరికి నిలిచినవి అల్యూమినా, పొటాష్, సున్నం. వీటినే ప్రమోటర్లంటారు. 1913లో జర్మనీలోని ఓపావ్‌లో అమ్మోనియా ఫ్యాక్టరీ నడిచింది. 2021లో రామగుండంలో మళ్లీ మొదలైన ఎరువుల కర్మాగారంలోనూ అమ్మోనియా ఇనుము మీదే పుడుతోంది.

ప్రమోటర్లు చేసే పని ఒకటే కాదు. నాలుగైదు వందల డిగ్రీల వేడిలో సన్నటి ఇనుప రేణువులు, కలియబెట్టని సంగటిలా ఉండకడతాయి. అప్పుడు వాయువులు తగిలే చోటు తగ్గిపోతుంది. అల్యూమినా వాటి మధ్య చేరి దూరదూరంగా ఉంచుతుంది. పొటాష్‌లోని పొటాషియం ఇనుము ఉపరితలానికి ఎలక్ట్రాన్లు అందిస్తుంది. దాంతో నైట్రోజన్ బాగా అతుక్కుని, దాని బంధం సులువుగా తెగుతుంది. తయారైన అమ్మోనియా కూడా ఆ చోటును త్వరగా ఖాళీ చేస్తుంది. ఈ గుట్టు విప్పిన గెర్‌హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ వచ్చింది. మిటాష్ చేసి చూపినదానికి కారణం తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

రుథేనియం అనే లోహం ఈ పనిలో ఇనుముకన్నా చురుకైనది, కానీ ఖరీదు ఎక్కువ. అందుకే దాన్ని ముద్దగా వాడరు, చౌకైన ఆధారం మీద సన్నటి రేణువులుగా పరుస్తారు. ఇక్కడ చిక్కు ఆధారంతోనే. అల్యూమినా వేడిని తట్టుకుంటుంది, ఎలక్ట్రాన్ల విషయంలో మాత్రం సాయం చేయదు. కార్బన్ చేస్తుంది, కానీ హైడ్రోజన్‌తో కలిసి మెల్లగా మీథేన్‌గా మారి అరిగిపోతుంది. 1990 ప్రాంతంలో హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) శాస్త్రవేత్తలు అల్యూమినా మీద కార్బన్ పూత వేసి, ఆ పూత మీద రుథేనియం నిలిపారు. రెండింటి మంచినీ ఒకచోటికి తెచ్చిన ఆ ఆలోచన నాకెంతో నచ్చింది. 1992లో కెనడాలోని కిటిమాట్‌లో కార్బన్ మీద రుథేనియంతో అమ్మోనియా ఉత్పత్తి మొదలైంది. ఈ రకం ఉత్ప్రేరకాల్లో సీజియం, బేరియం ప్రమోటర్లుగా ఉంటాయి. సీజియం పొటాషియంకన్నా సులువుగా ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. అలాగని ఎక్కువ వేస్తే అదే లోహాన్ని కప్పేసి పని చెడగొడుతుంది. మోతాదు తప్పితే చేటేనన్నది ఎరువు చల్లే రైతుకు కొత్తగా చెప్పాలా?

ఇప్పుడు సౌరవిద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేయాలంటున్నారు. ఇనుము మీద అమ్మోనియా చేయడానికి వాతావరణ పీడనానికి వందల రెట్ల పీడనం కావాలి. ఎండను బట్టి నడిచే చిన్న ప్లాంట్లకు అది మోయలేని ఖర్చు. తక్కువ పీడనంలో పనిచేసే లోహాన్ని వెతకాలి, దానికి ఏది ఎంత కలపాలో తేల్చాలి. మా పిల్లల్లో ఒక్కరైనా తార్నాక దాకా వెళ్లి ఆ లెక్క తేల్చే పనిలో కూర్చోవాలని నా కోరిక.