మీకు తెలుసా? రంగు తక్కువైతే మంచిదే!

వడ్డాదిలో గానీ చోడవరంలో గానీ బెల్లం కొనేటప్పుడు చేయి ముందుగా పోయేది పసుపు పచ్చగా మెరిసే దిమ్మ మీదకే. ఆ మెరుపు చాలావరకు చెరకుది కాదని మీకు తెలుసా? పానకం ఉడికేటప్పుడు ‘హైడ్రోస్’ వేస్తారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. అది వేయని బెల్లం ఎక్కువగా గోధుమ రంగులోనో, ఇంకాస్త ముదురుగానో దిగుతుంది. (సారా బట్టీలకు పోయే నల్లబెల్లం సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలపకండి.) మడ్డి తీయడానికి పాతకాలం నుంచీ బెండ మొక్కల జిగురు ఉండనే ఉంది. పెనం కింద మంటకు బొగ్గు కొననక్కర్లేదు, రసం పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. ఇంత శుభ్రమైన పనిలో మందు దూరిందంటే కారణం మనమే. అనకాపల్లి మార్కెట్లో రంగును బట్టి ధర పలుకుతుంది. మనం పచ్చదనం అడగడం మానితే రైతు హైడ్రోస్ కొనడం మానతాడు.

చెరకు నరికాక మిగిలే ఎండుటాకును చాలామంది పొలంలోనే తగలబెడతారు. దాన్నే కొత్త తోటలో, నాటిన మూడు రోజులకు చాళ్ల మధ్య పరిస్తే నేలలో తడి నిలుస్తుంది, పీక పురుగు బెడద కూడా తగ్గుతుంది. అగ్గిపుల్ల ఖర్చూ మిగులుతుంది.

పిల్లల బొమ్మల్లోనూ రంగుదే గొడవ. మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. వాటికి కుంచెతో రంగు వేయరు. కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పసుపు నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం తీసి, చెట్టూ చేమల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీలో ఊరేగినవీ ఇవే. పసిపిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు కదా, పుట్టినరోజుకు ఏం కొనాలో మీరే ఆలోచించండి.

ఇక విస్తళ్లు. వడ్డాది నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే దారిలో అడవికి కొదవ లేదు. ఆ మన్యంలో గిరిజనులు అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో గుచ్చి విస్తళ్లు కడతారు. భోజనాలయ్యాక గోతిలో వేస్తే అవి ఎరువైపోతాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. వాటి చోటులోకి వెండి రంగు పూసిన ‘పేపరు’ ప్లేట్లు వచ్చి కూర్చున్నాయి. మీ ఇంటి శుభకార్యానికి వాటిని ఆర్డరిచ్చే ముందు ఒక ప్లేటు అంచు చింపి చూడండి. సన్నటి పొర సాగుతూ ఊడి వస్తే అది ప్లాస్టిక్కే. తిరిగి ఇచ్చేసి అడ్డాకులు తెప్పించండి.