ఒక మనిషి, ఇద్దరు చందాదారులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు మాట కొత్త కాదు. రైలు ఉద్యోగాలకై వచ్చి, అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. రోమింగ్ రుసుములు భారంగా ఉన్న రోజులవి. ఇంటి యజమాని జేబులో బిలాస్‌పూర్ సిమ్ కార్డు ఒకటి. సెలవులకు శ్రీకాకుళం వెళ్ళినప్పుడు వాడేందుకు బీరువాలో ఆంధ్ర సిమ్ మరొకటి. మనిషి ఒక్కడే, చందాదారులు ఇద్దరు! పైగా ఇద్దరివీ వేర్వేరు పద్దులు. 2000లో ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైనా, టెలికాం పటంలో అది మధ్యప్రదేశ్ సర్కిల్‌లోనే ఉండిపోయింది.

2012 జూన్ నాటికి దేశంలో మొబైల్ చందాదారులు సుమారు 93 కోట్ల 40 లక్షలని నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క. ఆరు నెలలు తిరిగేసరికి, డిసెంబరులో, ఆ సంఖ్య 86 కోట్ల 47 లక్షలకు దిగింది. ఏడు కోట్ల మంది ఫోన్లు పారవేశారా? లేదు. ఏనాడో మూగవోయిన నంబర్లను కంపెనీలు జాబితాల నుంచి కొట్టివేశాయి.

ఈ చిక్కుకు మూలం రెండు రిజిస్టర్లు. మొదటిది కంపెనీ ఇచ్చిన కనెక్షన్లన్నిటి చిట్టా. రెండవది హాజరు పట్టీ: ఏ ఫోను ఏ ప్రాంతంలో పనిచేస్తున్నదో చూపుతుంది, మూడు రోజులు అలికిడి లేకపోతే ఆ నంబరు అందులోంచి తొలగిపోతుంది. బీరువాలోని సిమ్ చిట్టాలో ఉంటుంది, హాజరులో ఉండదు. 2012లో చిట్టాకెక్కిన వాటిలో హాజరు పలికినవి ఇంచుమించు నాలుగింట మూడు వంతులే.

ఇది కేవలం అంకెల వినోదం కాదు. 2002 నుంచి కొంతకాలం, చందాదారుల సంఖ్యను బట్టే కంపెనీలకు అదనపు స్పెక్ట్రమ్ దక్కేది. అంటే, ఉబ్బిన లెక్కకు ప్రజల ఆస్తి ప్రతిఫలమయ్యే అవకాశం ఉండేదన్నమాట.

సగటుదీ అదే మాయ. 2012 మార్చిలో దేశంలో ప్రతి నూరుగురికీ 78 పైచిలుకు ఫోన్లు. విడదీసి చూస్తే పట్టణాల్లో 160కి మించి. పల్లెల్లో 40 కూడా లేవు. పట్నవాసి రెండో సిమ్, ఫోనే లేని పల్లెవాసి పేరు మీద లెక్కలో కూర్చున్నది!

కనుక ఏ అంకె కనిపించినా మూడు ప్రశ్నలు వేయాలి: లెక్కించినది మనుషులనా, కనెక్షన్లనా? చిట్టానా, హాజరునా? ఏ సరిహద్దుల లోపల? జవాబులు దొరికితే, పరస్పరం పోట్లాడుతున్నట్లు తోచే అంకెలు చాలావరకు ఒకదానికొకటి పొసగుతాయి.