పాస్‌పోర్టు మారితే పహణి ఏమవుతుంది?

2008లో దేవనహళ్లి విమానాశ్రయం మొదలయ్యాక చిక్కబళ్లాపురం వాళ్లకు విదేశం బాగా దగ్గరైంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన బాగేపల్లి, చింతామణి పిల్లలు బెంగళూరు ఐటీ కంపెనీల మీదుగా అమెరికా, ఆస్ట్రేలియా చేరుతున్నారు. అమెరికా వెళ్లినవాళ్లకు మొదట గ్రీన్ కార్డు, మరో అయిదేళ్లకు సిటిజన్‌షిప్ దరఖాస్తు. ఊళ్లో అమ్మానాన్నలు రెండు కబుర్లనూ ఒకే సంతోషంతో చుట్టాలకు చెప్పుకుంటారు. చట్టం మాత్రం ఆ రెండింటినీ ఒకటిగా చూడదు.

గ్రీన్ కార్డుతో ఎన్నేళ్లున్నా మనిషి భారత పౌరుడే. ఇష్టపూర్వకంగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న క్షణంలో భారత పౌరసత్వం దానంతట అదే రద్దవుతుంది. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెప్పేది ఇదే. ఎవరూ నోటీసు పంపరు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. తర్వాత పాత పాస్‌పోర్టు అప్పగించి తెచ్చుకునే సరెండర్ సర్టిఫికెట్ జరిగిపోయినదానికి రుజువు, అంతే. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

వదులుకున్నవాళ్లలో చాలామంది ఓసీఐ, అంటే ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, కార్డు తీసుకుంటారు. ఈ పథకం మొదలైంది మన హైదరాబాదులోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. వీసా బాధ లేకుండా ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఇన్ని సౌకర్యాలుండటంతో దాన్ని రెండో పౌరసత్వమనే అనుకుంటారు. కాదన్న సంగతి సాధారణంగా పొలం దగ్గరే బయటపడుతుంది.

బాగేపల్లి తాలూకాలో మూడెకరాల వేరుశనగ చేను ఉన్న ఒక తండ్రిని ఊహించుకుందాం. పహణిలో, అంటే ఆ చేను భూరికార్డులో, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, ఖాతాదారుగా ఆయన పేరు. కొడుకు అమెరికా పౌరుడు, చేతిలో ఓసీఐ కార్డు. తాను బతికుండగానే చేనును కొడుకు పేర దానపత్రం రాసేయాలని తండ్రి ఆశ. అది కుదరదు. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, కింది నిబంధనల ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, దానంగానూ తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. కాబట్టి తండ్రి వీలునామా రాసి ఉంచితే, ఆయన తదనంతరం పౌతి ఖాతా, అంటే వారసుడిగా తన పేరుకు ఖాతా మార్పు, చేయించుకోవడానికి కొడుక్కి దారి ఉంటుంది. ఆ చేనును తర్వాత అమ్మదలిస్తే కొనేవాడు ఇక్కడ నివసించే భారత పౌరుడై ఉండాలి.

2020లో కర్ణాటక ప్రభుత్వం భూసంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లను తీసేసింది. రైతు కానివాళ్లూ పొలం కొనొచ్చన్న మాట అప్పటినుంచి వ్యాపించింది. అది నిజమే కానీ, రాష్ట్రం తీసేసిన అడ్డు వేరు, కేంద్రం పెట్టిన ఫెమా అడ్డు వేరు. రెండోది చెక్కుచెదరలేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టుతోనే విదేశంలో ఉంటున్న ఎన్నారైకి కూడా పొలం కొనే వీలు లేదు. అయితే అతను తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడితే ఆ అడ్డు తొలగిపోతుంది. ఓసీఐకి ఇచ్చిన హక్కుల జాబితాలో మాత్రం వ్యవసాయ భూమి మొదటినుంచీ లేదు. రిటైరయ్యాక నంది కొండల దగ్గర ద్రాక్షతోట కొనుక్కుందామని కలగనే వాళ్లు విదేశీ పౌరసత్వ ప్రమాణానికి ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

పిల్లల విషయం ఇంకా బాధాకరం. తల్లిదండ్రులు 1998లో సింగపూర్ పౌరసత్వం తీసుకునే నాటికి తల్లి కడుపులో ఉన్న ఒక బిడ్డ, పెద్దయ్యాక భారత పౌరసత్వం తిరిగి కావాలని అడిగాడు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కాదంది. తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇచ్చి వదులుకుంటే, మైనరుగా ఉండి పౌరసత్వం పోగొట్టుకున్న పిల్లలు మేజరైన ఏడాదిలోపు తిరిగి అడగవచ్చు. విదేశీ పౌరసత్వం వల్ల తల్లిదండ్రుల పౌరసత్వం దానంతట అదే పోయినప్పుడు ఆ వెసులుబాటు లేదని కోర్టు తేల్చింది. ఇక మెడిసిన్ సీటు. 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ పిల్లలు నీట్ రాసినా ఎన్నారై సీట్లకే అర్హులు. ఆ తేదీకి ముందు కార్డు పొందినవాళ్లకు పాత హక్కు ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో చదివిద్దామని కుటుంబంతో తిరిగొచ్చేవాళ్లకు ఈ తేదీ చాలా కీలకం.

ఓటు సంగతి చెప్పనక్కర్లేదు. ఎన్నారై ఫారం 6ఎ నింపి సొంత ఊరి జాబితాలో పేరు ఉంచుకోవచ్చు, పోలింగు రోజున వచ్చి ఓటు వేయవచ్చు. ఓసీఐకి ఓటు లేదు, పోటీ చేసే హక్కు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు.

పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ ఉదంతం చెబుతుంది. ఆయన 1993లో జర్మనీ పౌరుడయ్యారు. 2008లో దరఖాస్తు పెట్టి, 2009 ఫిబ్రవరిలో భారత పౌరసత్వం పొంది, అదే ఏడాది శాసనసభకు ఎన్నికయ్యారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలన్న నిబంధన ఆయన పాటించలేదని కేంద్ర హోంశాఖ 2017లోనూ, మళ్లీ 2019లోనూ ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, రూ. 30 లక్షలు చెల్లించమంది. అందులో 25 లక్షలు ఆయనపై ఏళ్ల తరబడి పోరాడిన ఆది శ్రీనివాస్‌కు. చట్టం తెలిసిన నాయకుడికే ఇంత చిక్కు వచ్చిందంటే మామూలు కుటుంబాలు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

పౌరసత్వం మార్చుకోవడం తప్పేమీ కాదు. ఎవరి బతుకు అవసరాలు వాళ్లవి. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఈ ఏడాది ప్రమాణానికి సిద్ధమవుతుంటే, టికెట్టు డబ్బులు దండగనుకోకుండా ముందు ఒకసారి ఊరికి రమ్మనండి. పహణి తీసి చూడండి, వీలునామా సంగతి లాయరుతో మాట్లాడండి, పిల్లల చదువు ఎక్కడో ఆలోచించుకోండి. ఆ తర్వాతే తేదీ ఖాయం చేసుకోమనండి.